విన్సన్ మాసిఫ్ అంటే కొండ పేరా, కొండల గుంపా? (క్లాసులో పిల్ల అడిగిన ప్రశ్న)

పార్వతీపురం పంతులు

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతిలో మలావత్ పూర్ణ ప్రస్తావన వచ్చింది. 2014లో పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కడం, 2019 డిసెంబరులో అంటార్కిటికా వెళ్ళి విన్సన్ ఎక్కడం, ఇవన్నీ చెప్పాను. మర్నాడు ఒక పిల్ల పాత పేపరు ముక్క పట్టుకొచ్చింది. అందులో ఒకచోట ‘మౌంట్ విన్సన్’ అని ఉంది, కింద పేరాలో ‘విన్సన్ మాసిఫ్’ అని ఉంది, ఫొటో కింద ఏకంగా ‘మౌంట్ విన్సన్ మాసిఫ్’ అని ఉంది. "మాసిఫ్ అంటే ఏటి సార్, ఇంటిపేరా?" అంది.

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే నాకూ సరిగ్గా తెలీదు. ‘పర్వత సముదాయం’ అని చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. "అంటే శ్రేణే కదా సార్?" అంది. అక్కడ దొరికిపోయాను.

శ్రేణికీ మాసిఫ్‌కీ తేడా ఏమిటి? భూగర్భ శాస్త్రజ్ఞులు దేన్ని చూసి ఆ పేరు పెడతారు? మన దగ్గర అలాంటివి ఉన్నాయా? సోమవారం మళ్ళీ అదే క్లాసు, తెలిసినవాళ్ళు ఆదుకోండి.

గ్రూప్స్ రాముడు

మాసిఫ్ = పర్వత సముదాయం. ఉదా: ఫ్రాన్స్‌లో మాసిఫ్ సెంట్రల్. మా కోచింగ్ నోట్సులో ఇంతే సార్. బిట్ వచ్చినా ఇంతకు మించి రాదు.

గట్టుమీది శీనన్న

పంతులుగారూ, నేను బండలెక్కేటోణ్ణి, పుస్తకాలోణ్ణి కాదు. మా లెక్క చెప్త.

ఒక్క పీఠం మీద నాలుగైదు శిఖరాలు భుజాలు ఆనిచ్చుకుని నిలబడి ఉంటయి. ఒకదాని మీదికెళ్ళి ఇంకోదానికి పోవాలంటే కింద లోయల దిగాల్సిన పని లేదు, అంచు పట్టుకుని పోవచ్చు. అట్లాంటిదాన్ని మేం మాసిఫ్ అంటం. కాంచన్‌జంగ చూడుండ్రి, 8,586 మీటర్లు, పేరులనే ‘ఐదు మంచు నిధులు’ అని ఉంది, ఐదు శిఖరాలు. అన్నపూర్ణ కూడా గంతే. అన్నపూర్ణ ఒకటి (8,091 మీటర్లు), రెండు, మూడు, నాలుగు, మళ్ళ గంగాపూర్ణ, అన్నీ కలిపి ఒక్క మాసిఫ్.

ఇగ విన్సన్ సంగతి. మాసిఫ్ అనేది దాదాపు 21 కిలోమీటర్ల పొడుగు, 13 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మొత్తం గడ్డ. మౌంట్ విన్సన్ అనేది దాని మీద అన్నిటికంటె ఎత్తు శిఖరం, 4,892 మీటర్లు. ముందుగాల రెండిటికీ ఒకటే పేరు వాడేటోళ్ళు. 2006ల అమెరికా వాళ్ళ అంటార్కిటిక్ పేర్ల కమిటీ ఈ రెండూ వేరు అని తేల్చింది. ఆ పిల్లకు ఇట్ల చెప్పుండ్రి: విన్సన్ మాసిఫ్ ఊరు, మౌంట్ విన్సన్ ఆ ఊళ్ళె అందరికంటె ఎత్తు మేడ. పూర్ణ ఎక్కింది మేడ. పేపరోళ్ళు ఊరునూ మేడనూ కలిపి రాసిన్రు.

పార్వతీపురం పంతులు

ఊరు, మేడ. బాగుంది శీనన్నా, ఇది అలాగే చెప్పేస్తాను. కానీ ఊరి పొలిమేర ఎక్కడ? అదే అడుగుతుంది ఆ పిల్ల, నాకు తెలుసు.

ఎర్రరాయి

పంతులుగారూ, అసలు ప్రశ్న మీరు ఇప్పుడు అడిగారు. శీనన్న చెప్పినదాంట్లో తప్పు లేదు, కాకపోతే అది ఎక్కేవాళ్ళ లెక్క. మేం శిఖరాలు లెక్కపెట్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సంచిలో సుత్తి, దిక్సూచి, భూతద్దం వేసుకుని తిరిగినవాణ్ణి. కాస్త ఓపిక పడితే మా లెక్క చెబుతాను.

మాసిఫ్ ఫ్రెంచి మాట. నిండుగా, గట్టిగా, ముద్దలా ఉన్నది అని అర్థం. మా వాడుకలో ఆ మాట అన్నామంటే మనసులో ఉండేది భూమి పైపెంకులోని ఒక దిమ్మ. దాని అంచుల్లో భ్రంశాలుంటాయి, అంటే రాయి విరిగి ఒక పక్క రెండో పక్కను ఒరుసుకుంటూ జారిన పగుళ్ళు. భ్రంశం లేనిచోట పెద్ద వంపైనా ఉంటుంది. ఆ దిమ్మ పైకి లేచినా, పక్కకు జరిగినా మొత్తం ఒక్క ముక్కగా కదులుతుంది. లోపలి అమరిక చాలావరకు అలాగే ఉంటుంది. మామూలుగా చుట్టూ ఉన్న రాళ్ళకంటె గట్టిది. ఎందుకు గట్టిది అంటే, అంతకుముందెప్పుడో ఇంకో పర్వతం పుట్టినప్పుడు ఉడికి, నలిగి, బిగిసిపోయిన పాత రాయి అయినా అయి ఉంటుంది, లేదా లోతున నెమ్మదిగా చల్లారిన గ్రానైటు లాంటిదైనా అయి ఉంటుంది.

దున్నుతున్నప్పుడు చేలో బండ తగిలితే ఏమవుతుంది? చాలు తిన్నగా పోదు, బండ చుట్టూ వంకర తిరుగుతుంది. పర్వతాలు పుట్టేటప్పుడు మెత్తటి పొరలన్నీ ముడతలు పడుతుంటే మధ్యలో ముడత పడనని మొండికేసిన బండ మా మాసిఫ్.

ఎత్తు మాట ఎక్కడా రాలేదు, గమనించండి. ఎన్ని శిఖరాలు అన్న మాటా రాలేదు.

ఈ లెక్కన అన్నపూర్ణ దెబ్బతింటుంది. దాని పైభాగమంతా ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి లాంటి పొరలు. ఆ పొరలు పడమటికీ తూర్పుకీ పక్క కొండల్లోకి అలాగే సాగిపోతాయి. కాళీగండకి, మర్స్యాంగ్‌డి నదులు కోసి విడదీశాయి కాబట్టి అది వేరే కొండలా కనిపిస్తుంది. నది కోసిన పొలిమేర అది. నంగా పర్బత్‌లో కథ తిరగబడుతుంది. దాని గురించి రాత్రికి రాస్తాను, మనవడు ఫోను లాక్కుంటున్నాడు.

గట్టుమీది శీనన్న

గంటే మేం ఇన్నేండ్లు అన్నపూర్ణ మాసిఫ్ అన్నది తప్పా సార్? మ్యాపుల గూడ గట్లనే ఉంటది గద.

ఎర్రరాయి

తప్పు కాదు శీనన్నా, నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి. మీరు అనుకోవచ్చు. నేను నివేదికలో రాస్తే మాత్రం పైఅధికారి ఎర్రసిరాతో గీత పెట్టేవాడు.

ఇక నంగా పర్బత్, 8,126 మీటర్లు. హిమాలయాల పడమటి కొసన, సింధునది మలుపు దగ్గర. అక్కడి రాయి నైస్ (gneiss), అంటే లోతున వేడికీ ఒత్తిడికీ మారి చారలు పడ్డ రాయి. దాని మూలం దాదాపు 180 కోట్ల ఏళ్ళ నాటిది, మన భారత ఫలకం తాలూకు అడుగురాయి. దాని చుట్టూ ఉన్నది కోహిస్తాన్, లదాఖ్ వైపు రాయి. అది ఒకప్పుడు సముద్రంలో ఉన్న అగ్నిపర్వతాల దీవుల వరస, దాని పుట్టుకే వేరు. ఆ రాయిని చీల్చుకుని కింది నుంచి ఈ దిమ్మ పైకి పొడుచుకొచ్చింది. శిఖరం నుంచి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో సింధు ప్రవహిస్తుంది, రెండింటి మధ్య ఎత్తు తేడా 7,000 మీటర్లు.

పొలిమేర ఎక్కడ అన్నారు కదా పంతులుగారూ. నంగా పర్బత్ పడమటి అంచున లియాచర్ అనే చోట కొండ కోతలో అది కంటికి కనిపిస్తుంది. కింద సింధునది తెచ్చి పోసిన గులకరాళ్ళూ ఇసుకా, భూమి వయసుతో పోలిస్తే నిన్నటివి. వాటి మీద 180 కోట్ల ఏళ్ళ నైస్ ఎక్కి కూర్చుంది. పాతది పైన, కొత్తది కింద! మామూలు క్రమానికి తలకిందులు. దిమ్మ ఇంకా కదులుతోందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు. ఆ గీత మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడొచ్చు. మీ పొలిమేర అదే.

ఎందుకంత తొందరగా లేస్తోంది అన్నదానికి ఒక వాదం చాలా ఇష్టం నాకు. నది కోసేస్తుంటే పైబరువు తగ్గుతుంది, లోపలి వేడి మెత్తటి రాయి ఆ పలచబడిన చోటికి ఎగదన్నుతుంది, కొండ ఇంకా లేస్తుంది, నది ఇంకా కోస్తుంది. రక్తనాళం పలచబడి ఉబ్బినట్టు అని దానికి ‘టెక్టానిక్ అన్యూరిజం’ అని పేరు పెట్టారు. అక్కడ పది, ఇరవై లక్షల ఏళ్ళ వయసు గ్రానైటు కూడా పైకి వచ్చేసింది. గ్రానైటు కిలోమీటర్ల లోతున పుడుతుంది. అది బయటపడాలంటే పైన ఉన్నదంతా ఈ కొద్దికాలంలోనే కొట్టుకుపోయి ఉండాలి.

గ్రూప్స్ రాముడు

సార్ డౌట్. మాసిఫ్ అంటే మాస్ కదా. బరువు ఎక్కువ ఉండాలా? సాంద్రత లాంటిది?

ఎర్రరాయి

మాట చుట్టరికమే, అర్థం అది కాదు నాయనా. పైగా పర్వతాల బరువు చూసి బోల్తాపడ్డ పాత కథ మన దేశంలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో సర్వేవాళ్ళు ఉత్తరాన కలియానా, దక్షిణాన కలియాన్‌పూర్ అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని రెండు పద్ధతుల్లో కొలిస్తే 5 సెకన్ల చిల్లర తేడా వచ్చింది (కోణం సెకన్లు, గడియారంవి కావు). హిమాలయాల ఆకర్షణకు లంబసూత్రం (గుండు కట్టి వేలాడదీసే దారం) పక్కకు లాగబడిందన్నారు. 1855లో ప్రాట్ అనే ఆయన లెక్కకట్టి, కొండల బరువంతా నిజమైతే 15 సెకన్లకు పైగా లాగాలే, ఇంత తక్కువేమిటి అన్నాడు. అదే ఏడు ఎయిరీ అనే ఇంకొకాయన జవాబు చెప్పాడు: కొండ కింద తేలికరాయి వేరులా లోతుగా దిగి ఉంది, అందుకే ఆ మేరకు లాగడం తగ్గింది అని. నీటిలో దుంగ తేలినట్టు. నీ ప్రశ్నకు జవాబు: బరువుతో పని లేదు, బిగువుతో పని.

ఓవెర్న్‌లో తెలుగోడు

నేనుండేది క్లెర్మాన్-ఫెరాన్, సరిగ్గా మాసిఫ్ సెంట్రల్ అంచున. ఉద్యోగానికని వచ్చి ఆరేళ్ళయింది. రాముడి కోచింగ్ నోట్సులో ఉన్న ఊరు ఇదే.

మొదట వచ్చినప్పుడు నాకూ ఇదే తికమక. మాసిఫ్ సెంట్రల్ అంటే ఏదో పెద్ద పర్వతం ఉంటుందనుకున్నా. తీరా చూస్తే చాలా చోట్ల పీఠభూమి, ఆవులు, జున్ను. అన్నిటికంటె ఎత్తైన పుయ్ ద సాన్సీ 1,885 మీటర్లు, అంతే. ఫ్రాన్స్ నేలలో ఏడో వంతు దాకా పరుచుకుని ఉంటుంది. రాయి మాత్రం 30 కోట్ల ఏళ్ళకు పైబడిన పాతది. ఎర్రరాయిగారు చెప్పినట్టు ఒకప్పటి మహా పర్వతం అరిగిపోగా మిగిలిన అడుగు.

మా ఊరు మైదానంలో ఉంది, లిమాన్ అంటారు. పడమటికి చూస్తే గోడ కట్టినట్టు అయిదారు వందల మీటర్లు నేల లేస్తుంది. ఆ గోడ భ్రంశమే. ఇటు నేల కుంగింది, అటు దిమ్మ నిలబడింది. ఆఫీసు నుంచి సైకిల్ మీద ఆ వైపు వెళ్తే మొదటి పది నిమిషాలు హాయి, తర్వాత భ్రంశం ఎక్కుతున్నానని కాళ్ళు చెబుతాయి. పైకి వెళ్ళాక వరసగా అగ్నిపర్వతాలు, పుయ్ ద డోమ్ (1,465 మీటర్లు) వగైరా. ఈ అగ్నిపర్వతాల వరసనీ ఆ భ్రంశాన్నీ కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా ఊరి పెద్ద చర్చి కూడా ఆ లావా రాయితోనే కట్టారు, నల్లగా ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు చూసి "ఏంటిరా, కాలిపోయిందా?" అంది.

పార్వతీపురం పంతులు

మరి ఆ అగ్నిపర్వతాల వల్లే దాన్ని మాసిఫ్ అన్నారా?

ఎర్రరాయి

కాదు. అవి మొన్నమొన్నటివి, చివరిది పేలి సుమారు 7 వేల ఏళ్ళు. పాత మేడ మీద కొత్తగా వేసిన రేకుల షెడ్డు అనుకోండి. మాసిఫ్ అన్నది కింద మేడకు.

ఓవెర్న్‌లో తెలుగోడు

మోన్ బ్లాన్ గురించి కూడా రాస్తాను, మొన్న వేసవిలో వెళ్ళొచ్చాం. షామోనీ ఊరు వెయ్యి మీటర్ల ఎత్తున లోయలో ఉంటుంది. అక్కడి నుంచి కేబుల్ కారులో ఎగ్వీ దు మిది అనే సూదికొనకు, 3,842 మీటర్లకు, ఇరవై నిమిషాల్లో తీసుకెళ్ళి దింపేస్తారు. చెవులు దిబ్బడేశాయి, మా పాప ఏడుపు. పైన చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో రాయి: లేత ఎరుపు కలిసిన గ్రానైటు, నిలువునా బారెడు బారెడు పగుళ్ళు. ఆ గ్రానైటుకు 30 కోట్ల ఏళ్ళని బోర్డు మీద రాశారు. కానీ ఆల్ప్స్ అంత పాతవి కావు కదా, ఈ తిరకాసు ఏమిటని అప్పుడే అనుకున్నా.

ఎర్రరాయి

తిరకాసు ఏమీ లేదు, రాయి వయసు వేరు, కొండ వయసు వేరు. తాత కట్టెతో మనవడు మంచం చేయించుకున్నట్టు. ఆ గ్రానైటు పాత పర్వతం కాలంలో లోతున చల్లారింది. ఆ పర్వతం అరిగి చదునైపోయింది, మీద సముద్రం వచ్చి పొరలు పరిచింది. చాలా కాలానికి ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆల్ప్స్ లేచాయి. అప్పుడు ఆ పాత దిమ్మలు కూడా మీద ఉన్న మెత్తటి పొరల్ని దులుపుకుని పైకి లేచాయి. ఆల్ప్స్ బయటి వంపు పొడుగునా అలాంటివి వరసగా ఉన్నాయి: మోన్ బ్లాన్, ఎగ్వీ రూజ్, ఆర్, బెల్‌దోన్, పెల్వూ, అర్జాంతెరా. బయటి స్ఫటికశిలా మాసిఫ్‌లంటే ఇవే.

మీరు షామోనీలో నిలబడ్డప్పుడు ఒక పక్క మోన్ బ్లాన్, రెండో పక్క ఎగ్వీ రూజ్ ఉంటాయి. రెండూ గట్టి దిమ్మలు. ఊరున్న లోయ రెంటి మధ్య ఇరుక్కుపోయిన మెత్తటి పొరల మీద ఉంది. అందుకే నదీ హిమానీనదం అక్కడే కోయగలిగాయి. మోన్ బ్లాన్ ఎత్తు రెండేళ్ళకోసారి కొలుస్తారు, 2023లో 4,805.59 మీటర్లు వచ్చింది. అంతకుముందు కొలతకంటె రెండు మీటర్లకు పైగా తక్కువ. దిమ్మ కుంగిందని కంగారు పడకండి, నెత్తి మీద మంచు టోపీ మందం మారుతుంటుంది.

గ్రూప్స్ రాముడు

ఓకే సార్. ఫైనల్‌గా తూర్పు కనుమలు మాసిఫా, శ్రేణా? ఒక్క ముక్కలో.

ఎర్రరాయి

ఒక్క ముక్కలో చెప్పలేను, ఎందుకంటే అది ఒక్క ముక్క కాదు!

బడి పటంలో ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఒకే గోధుమరంగు పట్టీ గీసి తూర్పు కనుమలంటారు. గోదావరి, కృష్ణ, పెన్న కోశాయి కాబట్టి తెగిన కొండలంటారు. మా పటంలో ఆ పట్టీ కనీసం రెండు వేర్వేరు కథలు. నల్లమల తీసుకోండి. అది కడప హరివాణంలో (పళ్ళెంలా కుంగిన నేలలో) పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకా బురదా గట్టిపడి క్వార్ట్‌జైట్, షేల్ అయి, తూర్పు నుంచి వచ్చిన తోపుడుకు మడతలు పడ్డవి. చాపను అంచు పట్టుకుని తోస్తే లేచిన మడతలు. పంతులుగారి పార్వతీపురం వైపు కొండలకూ వాటికీ బంధుత్వం లేదు, పేరు ఒకటే.

పంతులుగారూ, మీ ఊరి కొండ దగ్గర ఒక రాయి తీసి పగలగొట్టండి. తుప్పురంగు, మధ్యమధ్య దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లు, వేలికి నల్లగా అంటే గ్రాఫైట్ పొలుసులు కనిపిస్తే అది ఖొండలైట్. ఆ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ పెట్టిన పేరు. అది ఒకప్పటి బంకమట్టి. భూమి లోపల పదుల కిలోమీటర్ల లోతుకు దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట ఈ రూపానికి వచ్చింది. కోణార్క గుడి గోడలు ఈ రాయే. తూర్పు అంటార్కిటికాలోనూ ఇలాంటి రాళ్ళున్నాయి, అప్పట్లో రెండూ ఒక్క నేల. మీ పిల్లకు చెబితే సంతోషిస్తుంది. పూర్ణ వెళ్ళింది మాత్రం ఆ ఖండానికి రెండో వైపు.

ఈ ఖొండలైట్ ఉన్న పట్టీని మేం పిలిచే పేరు ‘తూర్పు కనుమల మొబైల్ బెల్ట్’. మొబైల్ అంటే ఇక్కడ కదిలేది, నలిగేది. మాసిఫ్‌కు సరిగ్గా ఎదురు పదం. ఆ నలుగుడు వచ్చి ఆనుకున్న గట్టి గోడ లోపలి వైపుంది: బస్తర్, ధార్వాడ్ క్రేటన్లు, అంటే ఎంతో కాలంగా నలగకుండా నిలిచిన ఖండపు పాత గట్టి భాగాలు. అవి వందల కిలోమీటర్ల విస్తీర్ణం, మాసిఫ్ అనే మాట వాటికి చిన్నదైపోతుంది.

అలిపిరి మెట్లు

తిరుమల కొండ సంగతేంది సామీ?

ఎర్రరాయి

మాసిఫ్ కాదు. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైట్ పొరలు. ఘాట్ రోడ్డులో ఆ రెండూ కలిసే గీత బయటికి కనిపిస్తుంది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్ల కోట్ల ఏళ్ళ లెక్క గల్లంతు. బస్సు కిటికీ నుంచి అందరూ కోతుల్ని చూస్తారు, ఆ గీతను చూడరు.

చీమకుర్తి బిడ్డ

ఎర్రరాయిగారూ, మీరు గ్రానైటు గ్రానైటు అంటుంటే అడగబుద్ధయింది. నేను క్వారీలో పనిచేస్తా. మా కాడ బ్లాక్ గెలాక్సీ వస్తది. ఇది కూడా లోతున చల్లారిన రాయే అని ఒక సారు చెప్పారు. నల్లటి రాయిలో బంగారు పొడి చల్లినట్టు మెరుస్తది. పాలిష్ చెయ్యకముందు చూస్తే ఏమీ ఉండదు, బూడిద రంగు బండ. నీళ్ళు పోసి ఎండలో అటూ ఇటూ తిప్పితే చుక్కలు వెలుగుతయి. బ్లాకు కొనేవాళ్ళు అట్లనే నీళ్ళ బాటిలు పట్టుకుని తిరుగుతారు. మరి మా కొండ మాసిఫ్ అవుద్దా?

ఎర్రరాయి

మీ బ్లాక్ గెలాక్సీ అసలు గ్రానైటే కాదు తమ్ముడూ. వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టే రాయి ప్రతిదీ గ్రానైటే. మా లెక్కలో అది గాబ్రో జాతి, గాబ్రోనోరైట్. మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. లోతున చల్లారిన మాట నిజం, అలాంటి ఒంటి ముద్దను ప్లూటాన్ అంటాం.

మీరు అడగబట్టి మా ఇంటిగుట్టు ఒకటి బయటపెట్టాలి. చిలకా సరస్సు దగ్గర, బొలాంగీర్ దగ్గర అనార్థసైట్ అనే తెల్లటి రాయి పెద్ద పెద్ద ముద్దలుగా ఉంది (చంద్రుడి మీద తెల్లగా కనిపించేదీ ఈ రాయే). వాటిని ‘మాసిఫ్ రకం అనార్థసైట్’ అంటాం. అక్కడ భ్రంశాల అంచులుండాలని గానీ, కొండలా లేచి ఉండాలని గానీ పట్టింపు లేదు. పెద్ద ముద్ద అయితే చాలు. అంటే పొద్దున శీనన్నను తప్పుపట్టిన నేనే, మా వాళ్ళు ఈ మాటను మూడో అర్థంలో వాడతారని ఒప్పుకోవాల్సి వస్తోంది.

గట్టుమీది శీనన్న

దొరికిన్రు సార్ 😄

పదాల పేటిక

ఆలస్యంగా చూశాను. రెండు ముక్కలు చెబుతాను.

ఒకటి, ‘కనుమ’ అంటే కొండ కాదు. రెండు కొండల మధ్య దారి. నిఘంటువు తీసి చూడండి. ఘాట్ అన్నా అంతే, మెట్లదారి, కొండదారి. ఆ దారుల పేరు తెల్లవాళ్ళు మొత్తం కొండలకు అంటగట్టారు, మనం దాన్ని మళ్ళీ తెలుగు చేసుకున్నాం. కాబట్టి తూర్పు కనుమలు అని మనం పిలుస్తున్నది నిజానికి సందుల పేరు.

రెండు, పంతులుగారు క్లాసులో చెప్పిన ‘పర్వత సముదాయం’. చిక్కంతా ఆ అనువాదంలో ఉంది. సముదాయం అంటే పలువురు కూడింది. ఎర్రరాయిగారు చెబుతున్నదేమో ఒక్కటే ముక్క, పైన ఎన్ని కొమ్ములున్నా సరే. మనం మూలంలోని అర్థాన్ని తిరగేసి తెలుగు చేశాం. అందుకే పిల్ల "శ్రేణే కదా" అంది, తప్పు దానిది కాదు. ‘కొండదిమ్మ’ అంటే ఎలా ఉంటుంది?

అలిపిరి మెట్లు

కొండదిమ్మ అంటే మా పక్క తిట్టులా ఉందమ్మా. ‘గిరిపిండం’ బాగుంటాది.

పదాల పేటిక

పిండం వద్దు బాబూ, పిల్లలు భయపడతారు.

సరిహద్దు సుబ్బారాయుడు

ఈశాన్యంలో చాలా ఏళ్ళు డ్యూటీ చేశాను. షిల్లాంగ్ పీఠభూమి పేరు ఎవరూ ఎత్తలేదేం? అక్కడికి వచ్చిన సర్వేవాళ్ళు ‘షిల్లాంగ్ మాసిఫ్’ అనడం విన్నాను. దక్షిణాన డౌకీ వైపు దిగితే ఒక్కసారిగా బంగ్లాదేశ్ మైదానం, కాలి కింద నేల తెగిపోయినట్టు ఉంటుంది. వర్షాకాలంలో ఆ అంచు మీద నిలబడితే మేఘం కింది నుంచి పైకి వస్తుంది.

ఎర్రరాయి

శభాష్. మన దేశంలో పిల్లలకు చూపించాల్సిన ఉదాహరణ ఇదే, నాకు ముందే తట్టాల్సింది. పాత అడుగురాయి, దక్షిణాన డౌకీ భ్రంశం, ఉత్తరాన ఇంకో భ్రంశం, రెండింటి మధ్య నుంచి పైకి తన్నుకొచ్చిన దిమ్మ. 1897 జూన్ 12 నాటి మహా భూకంపం ఇక్కడిదే, ఓల్డ్‌హామ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దాని మీద రాసిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. ఉత్తరపు అంచున నేల లోపల దాగిన భ్రంశం ఒకటుందని, ఆ రోజు దాని మీద దిమ్మ పది మీటర్లకు పైగా జారిందని 2001లో బిల్హామ్, ఇంగ్లాండ్ అనే ఇద్దరు పాత సర్వే కొలతల నుంచి లెక్కతేల్చారు. ఆ భ్రంశానికి ఓల్డ్‌హామ్ పేరే పెట్టారు.

పార్వతీపురం పంతులు

సోమవారం క్లాసు అయింది, కబురు చెప్పాలి కదా.

బల్ల మీద తడి తువ్వాలు పరిచి, కింద మధ్యలో ఒక ఇటుక పెట్టాను. ఇద్దరు పిల్లల్ని రెండు వైపుల నుంచి తువ్వాలు తొయ్యమన్నాను. మడతలన్నీ ఇటుక దాకా వచ్చి, దాని చుట్టూ వంకర తిరిగి ఆగిపోయాయి. ఇంకా తోస్తే ఇటుకే ఒక పక్కకు లేచి తువ్వాల్ని తన్నుకుని కనిపించింది. మడతలు శ్రేణి, ఇటుక మాసిఫ్ అన్నాను. ఊరు, మేడ కూడా చెప్పాను. పేపరు ముక్క మీద ‘మౌంట్ విన్సన్ మాసిఫ్’లో మౌంట్ కొట్టేయాలా, మాసిఫ్ కొట్టేయాలా అని పెద్ద గొడవ. ఎక్కినది శిఖరం కాబట్టి మాసిఫ్ కొట్టేశారు.

ఖొండలైట్ కూడా దొరికింది. బడి వెనక గుట్టలోనే. గ్రాఫైట్ వేళ్ళకు అంటింది, ఒకడు దాంతో నోటుబుక్కులో పేరు రాసుకున్నాడు.

చివర్లో ఆ పిల్ల మళ్ళీ లేచింది. "ఇటుకని ముందే ఎవరు కాల్చారు సార్?"

ఎర్రరాయి

ఆ పిల్లను మా శాఖకు పంపండి.

జవాబు: అంతకుముందున్న ఇంకో తువ్వాలు. మోన్ బ్లాన్ ఇటుకను కాల్చింది ఆల్ప్స్ కంటె పాతదైన హెర్సీనియన్ పర్వతం. నంగా పర్బత్ ఇటుకది 180 కోట్ల ఏళ్ళ నాటి సంగతి. ఇవాళ మీ బడి వెనక ఉన్న నలిగిన ఖొండలైట్ కూడా ఇప్పుడు చల్లారి బిగిసే ఉంది. ఏనాటికైనా ఇంకో తోపుడు వస్తే ఈసారి అదే ఇటుక కావచ్చు.

చీమకుర్తి బిడ్డ

పంతులుగారూ, పాలిష్ పట్టిన పలక ముక్కొకటి, పట్టనిది ఒకటి పార్సిల్ చేస్తా. బడి అడ్రసు మెసేజ్ పెట్టండి. నీళ్ళు పోసి చూడాలని మాత్రం చెప్పండి పిల్లలకి.